పాత మోటార్‌హోమ్ కొనే ముందు

ప్రశ్న: మా కుటుంబం తరచూ రామప్ప, లక్నవరం, బొగత వైపు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్తుంటుంది. హైదరాబాద్‌లో 2016 నాటి టెంపో ట్రావెలర్‌ను మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకుతో మోటార్‌హోమ్‌గా మార్చిన బండి ఒకటి బేరానికి వచ్చింది. రిజిస్ట్రేషన్ కర్ణాటకది. ఇంజిన్ బాగుందని మా మెకానిక్ అంటున్నారు. ఇంకా ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇంజిన్ గురించి మీ మెకానిక్ మాట చాలు. ఇటువంటి బండ్లలో కొన్నవారిని ముంచేవి వేరే ఉన్నాయి: ఒకటి పైకప్పులోంచి దిగే నీరు, రెండోది ఆర్‌సీకి ఎక్కని మార్పులు.

మార్పు చేసేటప్పుడు ఫ్యాన్‌కో, సోలార్ ప్యానెల్‌కో పైరేకును కోసిన ప్రతిచోటా సీలెంట్ పూస్తారు. అది ఏళ్ల తరబడి ఎండకు పగిలి, సన్నని చీలికలోంచి దిగిన నీరు లోపలి ప్లైవుడ్‌ను చప్పుడు లేకుండా తినేస్తుంది. అందుకే బండిని ముసురు పట్టిన రోజున చూడడం మేలు. వీలుకాకపోతే వాటర్ సర్వీసింగ్ చేసేచోట పైకప్పు మీద అరగంట నీళ్లు పట్టించి, ఆ తర్వాత అల్మారా తలుపులు తీసి, వెనక మూలల్లో బొటనవేలితో గట్టిగా నొక్కండి. చెక్క మెత్తగా లోపలికి దిగినా, తడి గోనెసంచి వాసన వచ్చినా, ఒక్క మూలలో మాత్రం కొత్త స్టిక్కర్ అంటించి ఉన్నా, అమ్మేవారు ఎంత తగ్గించినా ఆ బండి మీకు వద్దనే నా సలహా.

నీళ్ల ట్యాంకు నింపించి, కుళాయిలన్నీ కట్టేసి, పంపు ఆన్‌లోనే ఉంచండి. ఎవరూ నీళ్లు వాడకుండానే అది మళ్లీ మళ్లీ తిరుగుతుంటే ఎక్కడో కారుతున్నట్లే. నిండిన ట్యాంకుతోనే పత్తి లారీలను తూచే కాంటా మీదికి తీసుకెళ్లండి. వంద లీటర్ల నీరంటే వంద కిలోలు. కాంటా చూపిన బరువుకు మీ ఇంటిల్లిపాది బరువు, సామాను కలిపితే ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటకూడదు. గ్యాస్ గాలికన్నా బరువైనది కనుక సిలిండర్ పెట్టే గూటికి అడుగున, బయటికి తెరుచుకునే రంధ్రం తప్పనిసరి. టైరు మీది నాలుగు అంకెలు కూడా చదవండి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనది, తక్కువ తిరిగే బండికి గాడులు అరగకపోయినా రబ్బరు ముదిరిపోయి ఉంటుంది.

ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని ఇష్టానుసారం మార్చకూడదు. ఆర్‌సీలో ఇప్పటికీ మామూలు ప్రయాణికుల వ్యాన్ అనే ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ పేచీ పెట్టేది అక్కడే. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ, అప్పు తీరినట్లు ఫైనాన్స్ వారి పత్రం చేతికి రాకముందే అడ్వాన్స్ ఇవ్వకండి. ఇక్కడి రిజిస్ట్రేషన్‌కు ఎంత పన్ను కట్టాలో ముందే ఆర్‌టీఏ కార్యాలయంలో కనుక్కుంటే బేరమాడడానికీ పనికొస్తుంది.

అమ్మేవారు ఒప్పుకుంటే ఒక రాత్రి అందులోనే పడుకోండి. ఫ్యాన్, లైట్లు, ఫ్రిజ్ వేసి ఉంచితే, బ్యాటరీ ముసలిదైతే తెల్లవారకముందే ఫ్యాన్ రెక్కల వేగం పడిపోతుంది.