సెల్లార్ ర్యాంప్ మీద జారకుండా ఉండాలంటే ఏం చేయాలి?

కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ అన్నారు, వానొస్తే సెల్లార్ ర్యాంప్ మీద బైకులు, మనుషులు జారుతున్నారన్నారు. మేస్త్రీలు నున్నగా తాపీ లాగడం చాలాసార్లు అసలు కారణం. నున్నటి కాంక్రీటు మీద నీళ్లు పల్చటి పొరలా నిలిచి, చెప్పుకీ నేలకీ మధ్య పట్టు లేకుండా చేస్తాయి. ఆ పొర చీలాలంటే గరుకు కావాలి. అందుకే పైన మెరిసే పెయింట్ మాత్రం వేయించకండి, ఇంకా జారుతుంది.

ముందు ఇంజిన్ ఆయిల్ మరకలు జిడ్డు వదిలించే డిగ్రీజర్‌తో కడిగించండి. ఆయిల్ ఉంటే ఏ కోటింగూ పట్టదు.

జనం, బళ్లు ఎక్కువ తిరిగే చోట నా ఓటు ర్యాంప్‌కి అడ్డంగా మెషీన్‌తో గాడులు కోయించడానికే. దుమ్ము, మోత భరించాలి గానీ పెయింట్‌లా ఊడిపోదు. లిఫ్ట్ ముందు, నడిచే దారిలో అయితే ఎపాక్సీ (ఆరాక గట్టిపడే రెసిన్ పూత) వేసి, తడిగా ఉండగానే సిలికా ఇసుక చల్లి, పైన సీల్ కోట్ వేస్తారు. ఎండ తగిలే చోట ఎపాక్సీ పసుపెక్కుతుంది, అక్కడ పైకోటు పాలీయురేథేన్ అడగండి. కింద చెమ్మ ఉంటే పొర లేచిపోతుంది. ముందురోజు నేలకి ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించి, మర్నాడు అడుగున నీటి బొట్లు ఉన్నాయేమో చూడండి.

యాసిడ్‌తో కడిగి నేలని గరుకు చేయడం చవకే, కానీ సీలర్ (లోపలికి ఏదీ ఇంకనివ్వని పూత) వేసిన నేల మీద పని చేయదు. చేసేటప్పుడు యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో కాదు.

కొత్తగా పోయిస్తుంటే ఇదంతా అక్కర్లేదు, పచ్చిగా ఉన్నప్పుడే గట్టి చీపురుతో అడ్డంగా గీతలు లాగించండి.