ఇద్దరిలో ఒకరు చావాల్సిందేనా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇరవై నిమిషాల షార్ట్ ఫిలిం తీస్తున్నాం. కర్నూలు హాస్టల్లో ఉండే ఇద్దరు ఇంటర్ అమ్మాయిల ప్రేమకథ. చివర్లో ఒకమ్మాయి చనిపోతేనే జనానికి ఎక్కుతుందని మావాళ్లంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చంపొద్దు. అది బాగా అరిగిపోయిన ముగింపు. హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 దాకా నడిచిన సెన్సార్ నియమావళి అసలు ఇలాంటి ప్రేమను తెర మీదికే రానివ్వలేదు. 1961లో కాస్త సడలించాక వచ్చిన ‘ది చిల్డ్రన్స్ అవర్’లో, మనసు విప్పిన టీచరమ్మ ఉరేసుకుంటుంది. మన దగ్గర 2004లో ‘గర్ల్‌ఫ్రెండ్’ అనే హిందీ సినిమా స్నేహితురాలిని ప్రేమించిన అమ్మాయిని ఉన్మాదిగా చూపి మరీ చంపింది.

దీపా మెహతా ‘ఫైర్’ ఆ దారిన పోలేదు. రాధ, సీత అనే ఇద్దరు తోడికోడళ్ల ప్రేమకథ అది. 1998 చివర్లో ఇక్కడ విడుదలైతే ముంబయి, ఢిల్లీల్లో హాళ్ల మీద దాడులు చేశారు. అందులో వంటింట్లో రాధ చీరకు నిప్పంటుకుంటుంది. అయిపోయింది అనుకుంటాం. ఆమె బతికి, దర్గాలో సీతను కలుసుకుంటుంది. తెలుగులో 2018 ఫిబ్రవరిలో వచ్చిన ‘అ!’ చూడండి. పెళ్లాడబోయే మనిషిని అమ్మానాన్నలకు చూపిస్తానంటుంది కూతురు. క్రిష్ అంటే అబ్బాయి అనుకుని కూర్చున్నవాళ్ల ముందుకు ఒక అమ్మాయి వస్తుంది. ఇబ్బంది పడే వంతు పెద్దవాళ్లది. కాకపోతే చివరికి ఆ పాత్రలన్నీ ఒకే మనసులోని ముక్కలని తేల్చడం మాకు లోటుగానే తోస్తుంది.

ఇక మీ స్క్రిప్టు. ముందు వయసు మార్చండి. ఇంటర్ పిల్లలకు పదహారు, పదిహేడేళ్లే. ఇలాంటి బంధం నేరం కాదన్న 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు మేజర్లకే వర్తిస్తుంది. డిగ్రీ చివరి ఏడాది పెట్టండి. రిజిస్టర్ మ్యారేజీతో ముగించకండి. 2023 అక్టోబరు 17న అదే కోర్టు ఇలాంటి జంటల పెళ్లి హక్కును గుర్తించలేదు.

‘ఎందుకిలా అయింది’ అని చిన్ననాటి గాయమో, మగవాడి మోసమో చూపించే ఫ్లాష్‌బ్యాక్ ఉంటే తీసేయండి. అది పడగానే ప్రేమ కాస్తా రోగమైపోతుంది. మన ఊళ్లలో ఇద్దరమ్మాయిలు చేయీ చేయీ పట్టుకుని నడిచినా, ఒకే ప్లేట్లో ఉగ్గాని, బజ్జీ తిన్నా ఎవరూ ఏమనరు. అసలు చిక్కు సంబంధం వచ్చిన రోజు మొదలవుతుంది. పెళ్లిచూపులకు ముస్తాబు చేయడానికి స్నేహితురాలినే పిలుస్తారు. ఆమె జడలో పూలు తురిమే రెండు నిమిషాలూ మాటల్లేకుండా తీయండి. మీ కథకు అదే గుండెకాయ.

ప్రశ్న: అనంతపురంలో విలేకరిని. ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిల గురించి వార్త రాసేటప్పుడు ‘స్వలింగ సంపర్కులు’ అని రాయొచ్చా?

జవాబు: వద్దు. మొగుడూ పెళ్లాల వార్తలో సంపర్కం అనే మాట వాడతారా? ‘ప్రేమించుకున్న యువతులు’ అనండి. హెడ్డింగులో చోటు చాలకపోతే ‘లెస్బియన్ జంట’. వాళ్ల అనుమతి లేకుండా ఫొటో, ఊరు, కాలేజీ పేరు వేయకండి. ఇంట్లో ఇంకా తెలియకపోతే, మీ పేపరే తెలియజేసినట్టవుతుంది.