టెస్టింగ్ ఎందుకని అడిగిన బిడ్డకు

మిర్యాలగూడ

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఇది హైదరాబాద్‌ల నౌకరి ఇడిసిపెట్టి నల్లగొండ ఐటీ టవర్‌ల కంపెనీ పెడతదట. రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేస్తదట. నువ్వన్న జెప్పు" అని ఒకటే టెన్షన్. దానికి సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను గానీ ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా కంపెనీ పెడుతుందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది. ఆ భయం దేని గురించో నీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

పోయిన నెల నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మళ్లీ పెట్టుకుని విన్నాను. "పెద్దమ్మా, ఎన్ని టెస్టులు రాసినా బగ్స్ వస్తనే ఉన్నయి. ఎవరూ చదవని రిపోర్టులు రాసుడు. మా కంపెనీల టెస్టింగే ఉండదు. రిలీజ్ చేస్తం, కంప్లైంట్ వస్తే అదే రోజు సరిచేస్తం" అన్నావు.

ఇందులో సగం నిజమే. టెస్టింగ్ అంటే సాఫ్ట్‌వేర్ జనం చేతికి పోకముందే బగ్స్‌ను, అంటే అందులోని తప్పులను, వెతికే పని. అది చేశాం కాబట్టి ఇక తప్పుల్లేవని ఎవరూ అనలేరు. డైక్‌స్ట్రా అనే డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1969లోనే రోమ్‌లో జరిగిన సాఫ్ట్‌వేర్ సదస్సులో చెప్పాడు, టెస్టింగ్ తప్పులున్నాయని చూపిస్తుందే తప్ప లేవని చూపించలేదని. రెండు 32 బిట్ల సంఖ్యలను, అంటే కంప్యూటర్ మామూలుగా వాడే సైజు సంఖ్యలను, కూడే చిన్న ప్రోగ్రామ్‌నే తీసుకో. వాటి జతలన్నీ సెకనుకు కోటి చొప్పున పరీక్షించినా 58 వేల ఏళ్లు పడుతుంది. అందుకే టెస్టింగ్ అంటే ఏరుకోవడం. ఏది చూడాలి, ఏది వదిలేయాలి అన్నదాంట్లోనే పనితనమంతా ఉంది. మీ ఆఫీసులో నీతో ఆ పని చేయించలేదు. ఎన్ని టెస్ట్ కేసులు రాశారు, ఎన్ని పాసయ్యాయి అని వారం వారం లెక్క చెప్పించారు. దానికి విసుగు పుట్టిందంటే నీ బుర్ర సరిగ్గా పనిచేస్తున్నట్టే.

కానీ కంప్లైంట్ వస్తే సరిచేస్తాం అన్నావు చూడు, అక్కడే నా గుండె జారింది. ఎవరు చేస్తారే కంప్లైంట్? నీ సాఫ్ట్‌వేర్ కొనేది మిల్లు యజమాని. ఆయనకు పది రూపాయలు తేడా వస్తే అర్ధరాత్రైనా ఫోన్ చేస్తాడు. రైతుకు తేడా వస్తే?

మీ తాత సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసేవాడు. వడ్లు మార్కెట్‌కు తెచ్చి, కాంటా అయ్యేదాకా రాశి పక్కనే గొంగడి కప్పుకుని పడుకునేవాడు. అయ్యాక ఇచ్చిన తక్‌పట్టీ, అదే లెక్క చీటీ, అంగీ జేబులో పెట్టుకొచ్చి నా చేతికిచ్చేవాడు. హమాలీ, కమీషన్, తరుగు అన్నీ తీసేసి నేను కూడితే లెక్క తక్కువొచ్చేది. "నాయినా, ఈడ తప్పు గొట్టిన్రు" అంటే, "ఇప్పుడు పొయ్యి అడిగితె మల్ల పంటకు మన వడ్లు ఆఖరుకు కాంటా పెడ్తరు బిడ్డా, ఊకో" అనేవాడు. తప్పు జరిగిందని తెలిసిన మనిషే నోరెత్తలేదు. ఇక అసలు తెలియనివాళ్ల సంగతి చెప్పాలా?

యాదమ్మల సంగతి నీకు ఇదివరకు సగమే చెప్పాను. ఇప్పుడు మొత్తం చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆధార్ కార్డులు కొత్తగా వస్తున్న రోజులవి. అప్పుడు నేను పనిచేసే కంపెనీ ఒక ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ చేసింది. ఓపీ చీటీ నుంచి రక్త పరీక్ష రిపోర్టు దాకా అన్నీ అందులోనే. ఆ ప్రాజెక్టులో నేను లేను. తప్పు బయటపడ్డాక కారణం వెతకమని నన్ను పంపారు.

జరిగింది ఇది. ఒకే ఊరి నుంచి ఇద్దరు యాదమ్మలు వచ్చారు. మన వైపు యాదమ్మ, యాదయ్య, నర్సింహ లేని ఊరుంటుందా? యాదగిరిగుట్ట స్వామి పేరు ఇంటింటికీ ఉంటుంది. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. ఇద్దరి కార్డుల్లోనూ పుట్టినతేదీ జనవరి 1, ఏడాది కూడా అదే. పుట్టినరోజు తెలియనివాళ్లు "అరవై ఉంటయి, రాయి బిడ్డా" అంటే వెనక్కి లెక్కగట్టి అట్లాగే రాసేవాళ్లు కదా. ఒకామెకు షుగర్ బాగా ముదిరి వార్డులో ఉంది. రెండో ఆమె మోకాళ్ల నొప్పులకు ఓపీకి వచ్చింది. పాత పేషెంటు మళ్లీ వస్తే కొత్త నంబరు ఇవ్వొద్దని ఆసుపత్రి వాళ్లు అడిగారు. అందుకని పేరు, పుట్టినతేదీ, ఊరు కలిస్తే సాఫ్ట్‌వేర్ పాత నంబరునే తెరిచేది. ఓపీ యాదమ్మ రక్తం రిపోర్టు వార్డులో ఉన్న యాదమ్మ నంబరులోకి ఎక్కింది. షుగర్ నార్మల్ అని.

రాత్రి డ్యూటీ సిస్టర్ ఆ రిపోర్టు చూసి ఆగిపోయింది. "పొద్దున మూడు వందలు దాటినామెకు ఇప్పుడు నార్మల్ ఎట్లొస్తది?" అని వేలికి సూది గుచ్చి మళ్లీ చూసింది. షుగర్ దిగనే లేదు. ఇన్సులిన్ ఆపేయకుండా ఆ సిస్టరే అడ్డుపడింది. కంప్యూటర్‌లో వచ్చింది కదా అని ఆమె ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

నేను టెస్ట్ షీట్ తీసి చూశాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పాత పేషెంటుకు పాత నంబరు వస్తోందా? పాస్. కొత్త పేషెంటుకు కొత్త నంబరు వస్తోందా? పాస్. టెస్ట్ చేసిన అబ్బాయి సోమరి కాదు, చాలా శ్రద్ధ గలవాడు. కాకపోతే అతని పేషెంట్ల పేర్లు టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు, టెస్ట్ మూడు. పుట్టినతేదీలు చేతికొచ్చినట్టు కొట్టినవి. అట్లాంటి చోట ఇద్దరు యాదమ్మలు ఎప్పటికీ ఎదురుపడరు.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత జరిగింది. కంపెనీలో మీటింగ్ పెట్టి టెస్ట్ కేసులు రెట్టింపు చేయాలన్నారు, ఇంకో మేనేజర్ సంతకం కూడా ఉండాలన్నారు. ఆసుపత్రికి పోయి ఓపీ కౌంటర్ దగ్గర నిలబడి చూద్దామని ఒక్కరూ అనలేదు. నేను పోయి చీటీలు రాసే గుమస్తా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. వచ్చిన ప్రతి యాదమ్మనూ ఆయన అడుగుతున్నాడు, "ఏ యాదమ్మవు? నీ పెనిమిటి పేరేంది?" అని. ఆమె చెప్పింది చీటీ మూలన పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. అన్నాళ్లూ పేషెంట్లు కలగలిసిపోకుండా కాపాడింది ఆ పెన్సిల్ రాతలే. సాఫ్ట్‌వేర్‌లో వాటికి చోటే పెట్టలేదు. అదొక జాగ్రత్త అని ఆయనకూ తోచలేదు, నువ్వేం చేస్తున్నావయ్యా అని ఆయన్ని అడిగినవాళ్లూ లేరు.

ఆ ఇద్దరు యాదమ్మల్లో ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు బిడ్డా. ఇద్దరికీ చదువు రాదు.

టెస్టింగ్ ఎందుకు అంటే నా దగ్గరున్న జవాబు అదే. అడగలేని మనిషి తరఫున ముందే అడిగేవాళ్లు ఒకరుండాలి. నీ కంపెనీలో టెస్టర్ అనే ఉద్యోగం పెట్టకపోతే మానె, ఆ అడిగే పని మాత్రం ఎవరో ఒకరు మీద వేసుకోవాలి.

ఇప్పుడు నీ కాంటా సంగతి చూద్దాం. కొత్త జనుము సంచి బరువే 580 గ్రాములు. కాంటా మీద బస్తా 40.5 కిలోలు తూగిందనుకో. సంచి తీసేస్తే 39.92. నీ కోడ్‌లో ఎక్కడో ఒకచోట దశాంశం తర్వాతది కొట్టేసి 39 అని దాచుకుంటే బస్తాకు 920 గ్రాములు పోయినట్టే. నూరు బస్తాలకు 92 కిలోలు. ఏ గ్రేడ్ వడ్లకు 2025-26 మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. లెక్కేసుకో, ఒక్క రైతుకు దాదాపు 2,200 పోతాయి. ఎన్ని సీజన్లు గడిచినా నీకు ఒక్క ఫోనూ రాదు. అదే కోడ్ 40కి పెంచి రాసిందంటే మొదటి వారంలోనే మిల్లు నుంచి ఫోన్ వస్తుంది. గ్రాములు గ్రాములుగానే ఉంచు, రౌండ్ చేసేది ఏదైనా మొత్తం కూడాక చివర్లో ఒక్కసారే చెయ్యి. వడ్ల తేమ దగ్గర 16.9, 17, 17.1 మూడూ వేసి చూడు. నిబంధన 17 శాతం దాకా అని. నీ కోడ్‌లో 17 కన్నా తక్కువ అని పడితే, సరిగ్గా 17 వచ్చిన రైతు వడ్లు మళ్లీ ఎండబోసుకుంటూ కూర్చోవాలి.

చేతి వేగం గురించి కూడా చెప్పాలి. థెరాక్-25 అని క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే మిషన్ ఉండేది. 1985 నుంచి 1987 మధ్య ఆరుగురికి మోతాదుకు మించి ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది, కొందరు చనిపోయారు. టెక్సాస్ ఆసుపత్రిలో జరిగినప్పుడు తయారుచేసిన కంపెనీ వాళ్లు ఎంత ప్రయత్నించినా ఆ తప్పు మళ్లీ వాళ్లకు కనిపించలేదు. చివరికి ఆ ఆసుపత్రి ఫిజిసిస్టు, ఆపరేటర్ కలిసి కూర్చుని కనిపెట్టారు. చెయ్యి బాగా అలవాటైన ఆపరేటర్ ఒక అక్షరం తప్పు కొట్టి, ఎనిమిది సెకన్ల లోపే వెనక్కి పోయి దిద్దితే లోపల పాత లెక్కే మిగిలిపోతోంది. నెమ్మదిగా కొట్టేవాళ్లకు ఆ తప్పు దొరకదు. నువ్వు నీ సాఫ్ట్‌వేర్‌ను ఏసీ గదిలో ఒక్కో బటన్ ఆలోచించి నొక్కుతూ చూస్తావు. నవంబర్ రాత్రి రెండింటికి, బయట లారీలు హారన్ కొడుతుంటే, కాంటా రాసే మనిషి అట్లా నొక్కడు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం నీకు నేను గుర్తుచేయక్కర్లేదు. ఆ ఏడు నీదీ ఇంటరే. రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్నావు. ఒక అమ్మాయికి తెలుగులో 99 వస్తే 0 అని పడింది. పేపర్ దిద్దిన వాళ్లు మార్కులు వేసే ఓఎంఆర్ షీట్‌లో సున్నాల గడులు నింపారు, కంప్యూటర్ ఉన్నది ఉన్నట్టు అచ్చేసింది. చెప్పింది చేసిందా అని మాత్రమే టెస్ట్ చేస్తే ఇది పాసే. ఇంత బాగా చదివే పిల్లకు ఒక్క సబ్జెక్టులో సున్నా ఎట్లొచ్చింది అని ఆగి చూసే అడ్డు ఎక్కడా లేకపోయింది. తర్వాత ఫెయిలైన వాళ్ల పేపర్లన్నీ మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆలోపు ఎన్ని ఇళ్లలో ఏడుపులు విన్నామో నీకు తెలుసు. అందుకే చెప్తున్నా, నీ సాఫ్ట్‌వేర్‌లో ఒక రైతు లెక్క ముందు సీజన్ కన్నా బాగా తేడాగా వస్తే చీటీ ఇచ్చేముందు ఆగి అడిగేటట్టు పెట్టు.

మిగతావి నీకు తెలిసినవే. బ్యాకప్ రోజూ తీసుకో. చీటీ సగం ఎక్కుతుండగా కరెంటు పోతే ఏమవుతుందో ప్లగ్ పీకి చూడు. లెక్కలు కట్టే కోడ్‌కు ఆటోమేషన్ టెస్టులు, అంటే వాటంతటవే నడిచేవి, రాసుకో. ఏ టెస్టు రాసే ముందైనా, ఇది ఫెయిలైతే నేనేం చేస్తాను అని అడుగు. ఏమీ చేయనని తోస్తే రాయకు. ఏఐతో టెస్టులు రాయిస్తానన్నావు, రాయించు. కాకపోతే కోడ్ రాసిందీ అదే, టెస్టు రాసిందీ అదే అయితే, యాదమ్మలు ఇద్దరుంటారని దానికి తెలియకపోవడం రెండు చోట్లా ఉంటుంది. ఆ సంగతి నువ్వే చెప్పాలి.

రాజీనామా ఇచ్చేశావని, మీ అమ్మకు ఇంకా చెప్పలేదని నాకు తెలుసు. అది తప్పు. నాకు చెప్పి దానికి దాచడమేంది? పొద్దున తినకుండా పోవడం కూడా మానెయ్. ఇంత సన్నగా అయిపోయినవేంది అని పోయినసారే అడగాలనుకున్నా, నలుగురిలో ఎందుకులే అని ఊరుకున్నా. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకునే మొదలుపెట్టు, తక్కువైతే మొహమాటపడకుండా నన్ను అడుగు.

దసరా దాటితే కోతలు మొదలవుతాయి. వేములపల్లి దారిలో ఒక మిల్లులో కాంటా రాసే ఆయనతో మాట్లాడి పెట్టాను. ఓ వారం రాత్రిళ్లు పక్కన కూర్చోనిస్తానన్నాడు. ల్యాప్‌టాప్ తెరవకు, నోట్‌బుక్ తెచ్చుకో. రైతులు వచ్చి ఏం అడుగుతున్నారో, ఆయన వాళ్లను ఏం అడుగుతున్నాడో అన్నీ రాసుకో. ఆ వారం నా దగ్గరే ఉండు, నేనూ నీతో వస్తాను. మీ అమ్మతో రాజీనామా సంగతి రేపు నేనే మాట్లాడతాను, నువ్వు మధ్యలో ఫోన్ చేయకు.

మీ పెద్దమ్మ