మీ ప్రశ్నలు – మా జవాబులు: చేతిలో ఉన్న తలాంతు

ప్రశ్న: మా సంఘంలో బాగా పాడేవాళ్ళున్నారు, వాక్యం చెప్పేవాళ్ళున్నారు. నాకు కుట్టు మిషన్ తొక్కడం తప్ప ఇంకేమీ రాదు. యజమాని దూరం వెళ్తూ దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించిన ఉపమానం చదివినప్పుడల్లా ఆ ఒక్క తలాంతు కూడా నాకు దక్కలేదేమో అనిపిస్తుంది.
– ఒక సహోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: ఆ ఒక్క తలాంతు ఎంతో ముందు లెక్క చూద్దామమ్మా. తలాంతు అంటే తూకం, దాన్నిబట్టి సొమ్ము. సుమారు 6,000 దేనారాలు. మత్తయి 20:2 ప్రకారం దేనారం ఒక రోజు కూలి. ఏడాదికి 300 పనిరోజులు వేసుకుంటే 20 ఏళ్ళ కూలి! 'ఒక్కటే కదా' అని మనం జాలిపడే ఆ దాసుడు గుంట తీసి పాతిపెట్టింది అంత సొమ్మును. ఇంకో మాట. 'ఎవని సామర్థ్యము చొప్పున వానికి' ఇచ్చాడని మత్తయి 25:15లో ఉంది. అంటే సామర్థ్యం అప్పటికే ఉంది, దాన్ని చూసి సొమ్ము అప్పగించాడు. మన వాడుకలో సామర్థ్యాన్నే తలాంతు అనేస్తున్నాం. అందులో తప్పు లేదు గానీ, అది మనది కాదు, లెక్క అప్పజెప్పాల్సిన సొత్తు అన్న సంగతి మాత్రం మరుగున పడిపోతోంది.

యొప్పే పట్టణంలో తబితా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ అపొస్తలుడైన పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలే (అపొస్తలుల కార్యములు 9:39). మీరూ అక్కడే మొదలుపెట్టండి. సంఘంలో ఇద్దరు ఆడపిల్లలను తీసుకోండి, అంతకు మించి వద్దు. వారానికి రెండు రోజులు, గంటన్నర చొప్పున. మొదటి వారం దారం ఎక్కించకండి. మిషన్‌కు పాత సూది పెట్టి, గీతల నోట్‌బుక్ కాగితం మీద గీత వెంట కుట్టించండి. చిల్లు గీత మీద పడిందో, పక్కకు పోయిందో పిల్లకే కనిపిస్తుంది, మీరు చెప్పక్కర్లేదు. తర్వాత దిండు గలీబు, ఆపైన లోలంగా. జాకెట్టు చివరికి. తొందరపడి ముందే జాకెట్టు పెడితే చంక దగ్గర చెయ్యి అతకడం కుదరదు, గుడ్డ పాడవుతుంది, మర్నాటి నుంచి పిల్ల రాదు.

ప్రశ్న: ఫోన్లో వీడియోలు చూసి కీబోర్డ్ నేర్చుకున్నాను. కొత్త పాటలకు ఇబ్బంది లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మొదలుపెడితే మాత్రం పెద్దవాళ్ళు ఒక దారి, నేను ఒక దారి. 'పాటను చంపేస్తున్నావు' అంటున్నారు. మానేద్దామనుకుంటున్నాను.
– ఒక యౌవనస్థుడు, ఖమ్మం

జవాబు: మానకు బాబూ. తప్పు నీ వేళ్ళ కంటే రిథమ్ బటన్‌లో ఉండొచ్చు. కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. చాలామంది దాన్ని చూడకుండానే పల్లవిలోకి దూకుతారు. ఆది తాళానికి 8 అక్షరాలు, అంటే 8 దెబ్బలు, కాబట్టి కీబోర్డ్‌లోని నాలుగు దెబ్బల రిథమ్ సరిపోతుంది. త్రిపుట అని గాని చాపు అని గాని ఉంటే మామూలుగా అది 7. ఏడు అక్షరాల పాట కింద నాలుగు దెబ్బల రిథమ్ వేస్తే తాళం రెండోసారి తిరిగేటప్పుడే సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, తప్పుతుంది. వెనక బెంచీలో కూర్చున్న పెద్దాయన చిన్నప్పటి నుంచి పాడిన లెక్కలో సరిగ్గానే పాడుతున్నాడు, తప్పింది నీ మిషన్. అలాంటి పాటకు రిథమ్ ఆపేసి, మూడు–నాలుగుగా విడగొట్టి చేత్తో తాళం వేస్తూ ముందు నోటితో పాడు. తర్వాతే వాయించు.

రెండోది కార్డులు, అంటే కలిపి నొక్కే స్వరాలు. ఉదాహరణకు మోహన రాగం తీసుకో. స రి గ ప ద, అంతే. మధ్యమం (మ), నిషాదం (ని) లేవు. శ్రుతి 'సి' అయితే, అంటే 'స' అక్కడ పెట్టుకుంటే, అలవాటుగా 'ఎఫ్' కార్డు నొక్కావా, అందులో మధ్యమం ఉంది. 'జి' కార్డులో నిషాదం ఉంది. రాగంలో లేని స్వరాన్ని నువ్వే తెచ్చి పెడుతున్నావు. 'సి', 'ఎ మైనర్' రెండింటితో నడిపించు. లేదా స–ప పట్టుకుని ఊరుకో, చాలా కీర్తనలకు అదే అందం.

శ్రుతి పల్లవిని బట్టి పెట్టకు. చరణంలో అన్నిటికన్నా పైకి వెళ్ళే చోటు ముందు పాడి చూడు. అది పై 'డి' దాటుతుంటే సంఘం అందుకోలేదు, శ్రుతి దించు. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వాడితే పాట అయ్యాక సున్నాకు తేవడం మర్చిపోకు, ఆదివారం పూట జరిగే గందరగోళాల్లో సగం అక్కడివే. ఇంట్లో సాధన రోజుకు 20 నిమిషాలు చాలు: 5 నిమిషాలు సరళీ స్వరాలు, 10 నిమిషాలు తడబడే ఆ ఒక్క చోటు సగం వేగంతో, మిగతా 5 పాట మొత్తం. చాలామంది తలకిందులుగా చేస్తారు, వచ్చిన చోటే పదిసార్లు వాయించుకుని సాధన అయిందనుకుంటారు.

దావీదు కాలంలో పాటకులు 288 మంది, 24 వంతులు, వంతుకు 12 మంది (1 దినవృత్తాంతములు 25). గురువులకూ శిష్యులకూ ఒకే తీరున చీట్లు వేశారు. నీ పక్కన కూడా ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకో. నీకు జ్వరమొచ్చిన ఆదివారం సంగతి తెలుస్తుంది.

ప్రశ్న: ఎం.కాం. చదివాను. సంఘానికి ట్రెజరర్‌గా ఉండమంటున్నారు. లెక్కలు రాయడం ఆత్మీయ పరిచర్య అవుతుందా?
– ఒక సహోదరుడు, విశాఖపట్నం

జవాబు: పౌలు యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగుచేసిన చందాను ఒక్కడే పట్టుకెళ్ళలేదు. తన మీద ఎవరూ తప్పు మోపకుండా తన తోటి పనివాడైన తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మనిషిని పంపాడు, ప్రభువు దృష్టికే కాదు, మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలన్నాడు (2 కొరింథీ. 8:19–21). మీ పని అదే.

కానుకల సంచి ఇద్దరు కలిసి విప్పాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. 500లు ఎన్ని, 100లు ఎన్ని, చిల్లర ఎంత, చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం ఆ మొత్తం యథాతథంగా బ్యాంకులో పడాలి. కరెంటు బిల్లుకో, మైకు మరమ్మతుకో అందులోంచి తీసి మిగిలింది జమ చేస్తే చీటీకీ పాస్‌బుక్‌కీ పొంతన ఉండదు. ఖర్చుకు వేరే చిల్లర నిధి పెట్టుకోండి. మందిర నిర్మాణానికని ఇచ్చింది క్రిస్మస్ పందిరికి వాడకూడదు, దానికి వేరే పేజీ తెరవండి. నెల మొదటి ఆదివారం జమాఖర్చు నోటీసు బోర్డుకు అంటించండి.

లెక్క చెడేది సాధారణంగా దొంగతనంతో కాదు. 'ప్రస్తుతానికి నా జేబులోంచి వేశాను, తర్వాత సర్దుకుంటా' అన్న మంచితనంతో. మూడు నెలలయ్యాక ఎవరు ఎవరికి బాకీయో మీకే తెలియదు. అలా వేయాల్సి వస్తే అదే రోజు వోచరు రాయండి.

ప్రశ్న: పెళ్ళిళ్ళలో పాడినందుకు డబ్బు తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు. చేతనైన పనితో సంపాదించుకోవడం తప్పు కాదు, పౌలూ డేరాలు కుట్టి బతికాడు (అపొ. 18:3). ఎంతో ముందే చెప్పండి, లేనివాళ్ళకు ఉచితమని అదీ ముందే చెప్పండి. 'మీకు తోచింది ఇవ్వండి' అనేసి, తీరా కవరు విప్పి మొహం చిన్నబుచ్చుకోవడమే బాగోదు.