ఓర్లాండోలో సంతకం పెట్టే ముందు

చి.ల.సౌ. స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

డిస్నీ టికెట్లు చవగ్గా ఇస్తామన్నారని ఓర్లాండోలో టైమ్‌షేర్, అంటే రిసార్టులో ఏటా కొన్నాళ్ళు ఉండే హక్కు, అమ్మే ప్రెజెంటేషన్‌కి వెళ్తున్నారట, నచ్చితే కొనేస్తారట. మీ అమ్మ చెప్పింది. టికెట్ల కోసం సెలవులో ఒక పూట పాడుచేసుకోవడం ఏమిటే? అయినా సొంత సంపాదనతో పిల్లలకి ఏటా ఒక వారం ఉంచాలనుకున్నావు చూడు, అది నాకు గర్వమే.

ఆ రోజు సంతకం పెట్టకుండా లేచి వస్తే గొడవే లేదు. పెట్టారే అనుకో, ఫ్లోరిడా టైమ్‌షేర్ చట్టం, అంటే 721వ అధ్యాయం, కొన్నది రద్దు చేసుకోవడానికి 10 రోజులు ఇస్తుంది. శని, ఆదివారాలూ అందులోవే. సంతకం చేసిన తేదీ, చట్టప్రకారం ఇవ్వాల్సిన కాగితాల్లో ఆఖరిది అందిన తేదీ, వీటిలో ఏది తర్వాతదైతే దాన్నుంచి లెక్క. అందుకే అందని కాగితం అందినట్టు రసీదు మీద సంతకం చేయొద్దు. రద్దు హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. వేగాస్‌లో కొన్నవాళ్ళ లెక్క నీకు పనికిరాదు. నెవాడాలో 5 రోజులే, కాలిఫోర్నియాలో 7.

చాలామంది మునిగేది ఫోన్ దగ్గర. వద్దని ఫోన్‌లో చెప్పేసి, పని అయిపోయిందనుకుంటారు. అవతలివాళ్ళు మహా మర్యాదగా "సోమవారం మేనేజర్ మాట్లాడతారు, ఇంకా మంచి ప్యాకేజీ చూస్తాం" అంటారు. ఆ సోమవారం గురువారమయ్యేసరికి పదకొండో రోజు వచ్చేస్తుంది. చట్టం అడిగేది రాతపూర్వకమైన నోటీసు. ఒక్క కాగితం చాలు: కొన్న ఇద్దరి పేర్లు, కాంట్రాక్టు నంబరు, తేదీ, "రద్దు చేసుకుంటున్నాం, కట్టిన డబ్బు వాపసు ఇవ్వండి" అన్న ముక్క, ఇద్దరి సంతకాలు. కారణం రాయకు. రాశావంటే దాని మీద బేరం మొదలెడతారు. మీరు కూర్చున్న ఆఫీసుకి కాదు, కాంట్రాక్టులో రద్దు నిబంధన దగ్గర అచ్చయిన చిరునామాకి పంపాలి. పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్ (పంపినట్టు రసీదు ఇస్తారు), రిటర్న్ రిసీట్‌తో (అందినట్టు సంతకం వెనక్కి వస్తుంది) పంపు. నోటీసు పంపిన తేదీ నుంచే చెల్లుతుంది, వాళ్ళకి అందిన తేదీ చూడరు. ముద్ర పడిన రసీదే నీ సాక్ష్యం. దాన్ని పారేసుకున్నావంటే మాత్రం తిడతాను. నోటీసు అందిన 20 రోజుల్లో గాని, మీ చెక్కు సొమ్ము వాళ్ళకి జమయిన 5 రోజుల్లో గాని, ఏది తర్వాతైతే ఆలోగా డబ్బు తిరిగివ్వాలి. ఈలోపు వాడుకున్నది ఏమైనా ఉంటే ఆ మేరకు తగ్గిస్తారు.

గడువు దాటాక నాకు భయం కొనడానికి చేసే అప్పు గురించి కాదు తల్లీ, అది ఏదో ఒకనాడు తీరుతుంది. ఏటేటా పెరిగే మెయింటెనెన్స్ ఫీజుకి అంతుండదు. మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాల్సిందే. ఆపేస్తే మీ వాటా మీద లీన్, అంటే బాకీకి తాకట్టు హక్కు, పడుతుంది, ఫోర్‌క్లోజర్, అంటే ఆ వాటా జప్తు, దాకా పోతుంది. అప్పుడు "ముందు ఫీజు కట్టండి, అమ్మిపెడతాం" అనే ఫోన్లు మొదలవుతాయి. మాట్లాడకుండా పెట్టేయి.

అల్లుడికి కూడా ఇది చదివి వినిపించు. సంతకం పెట్టిన రోజు రాత్రే కాగితాలన్నీ ఫోటోలు తీసి నాకు పంపు, పదో రోజు ఏ తేదీ అవుతుందో నేనే లెక్కకట్టి చెప్తాను.

ఇట్లు,
పెదనాన్న