టెక్ సందేహాలు: తాగే నీళ్లు, చేపల నీళ్లు ఒకే మిషన్ నుంచి

ప్రశ్న: మాది ఎల్బీనగర్ దగ్గర అపార్ట్‌మెంట్. కృష్ణా నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. తాగడానికి ఆర్‌వో ప్యూరిఫైయర్ కొనాలనుకుంటున్నాం. ఇంట్లో వంద లీటర్ల అక్వేరియం కూడా ఉంది. అందులో నియాన్ టెట్రాలు, చెర్రీ రొయ్యలు పెంచుతున్నాం. రెండింటికీ ఒకే మిషన్ సరిపోతుందా? కాపర్, ఆల్కలైన్ కార్ట్రిడ్జ్‌లున్న మోడల్ మంచిదని దుకాణంలో చెబుతున్నారు.

జవాబు: సరిపోతుంది. అయితే చేపల నీళ్లను మిషన్‌లో ఎక్కడి నుంచి తీసుకుంటారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. దానికన్నా ముందు మీ నీళ్ల సంగతి తెలియాలి. నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. దాన్ని అంచనా వేసే టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. కృష్ణా నీళ్లు వచ్చిన రోజు ఒకసారి, బోరు మీద నడిచే రోజు ఒకసారి, వీలైతే మళ్లీ ఎండాకాలంలో కొలవండి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనిచోట 2000 వరకు అనుమతిస్తారు. అంకె 500 లోపు ఉంటే ఆర్‌వో అక్కరలేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. మీ సంపులో ఏడాది పొడవునా ఆ 500 దాటకపోతే, రసాయన పరీక్షలో కూడా తేడా ఏమీ లేకపోతే, తాగడానికి యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత కాంతి), యూఎఫ్ (క్రిములను ఆపే సన్నని వడపోత) ఉన్న మామూలు ప్యూరిఫైయర్ చాలు. డబ్బూ నీళ్లూ రెండూ మిగులుతాయి.

ఆ పరీక్ష ఎందుకంటారా? టీడీఎస్ మీటర్ కొలిచేది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తోందన్నది మాత్రమే. సూక్ష్మక్రిములు, ఫ్లోరైడ్, నైట్రేట్ దానికి విడిగా కనిపించవు. ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ గోడు మనందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, ఏ పరిస్థితుల్లోనూ 1.5 దాటకూడదు. బోరు నీళ్లు వాడే ప్రతి ఇల్లూ ఒక్కసారైనా ల్యాబులో ఈ పరీక్ష చేయించుకోవాలి. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

ఇంటికి వచ్చే అమ్మకందారు రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీలు ముంచి, కరెంటు ఇచ్చి, మీ నల్లా నీళ్లు గోధుమరంగులోకి మారడం చూపిస్తే భయపడకండి. ఆ రంగు నీళ్లలోని మురికి కాదు, కరెంటుకు కరిగిన కడ్డీల ఇనుమే. లవణాలు ఉన్న నీటిలో కరెంటు బాగా ప్రవహిస్తుంది కాబట్టి కడ్డీ త్వరగా కరుగుతుంది. ఆర్‌వో నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి అది తేటగా మిగులుతుంది. ఆర్‌వో నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి అదే ప్రయోగం చేయమనండి, అవీ రంగు మారతాయి. పిల్లలున్న ఇళ్లలో తల్లిదండ్రుల్ని ఇలా బెదిరించి మిషన్లు అమ్మడం తప్పు.

ఇక మోడల్ సంగతి. కాపర్ కార్ట్రిడ్జ్ వద్దు. మనుషులు తట్టుకునే రాగి మోతాదు రొయ్యలను, నత్తలను చంపేస్తుంది. ఆల్కలైన్ కార్ట్రిడ్జ్ పీహెచ్‌ను పెంచుతుంది, టెట్రాలకేమో కాస్త ఆమ్లగుణం ఉన్న, ఖనిజాలు తక్కువున్న మెత్తని నీళ్లు కావాలి. కుటుంబం కోసం ఆ మోడలే కావాలనుకుంటే, చేపల నీళ్లను మెంబ్రేన్ (ఆర్‌వోలో లవణాలను ఆపే పొర) దాటిన వెంటనే, ఆ కార్ట్రిడ్జ్‌లకు ముందే తీసుకోవాలి. టీడీఎస్ అడ్జస్టర్‌ను కూడా గమనించండి. చాలా మిషన్లలో ఇది రుచి కోసం మెంబ్రేన్ దాటని నీళ్లను కొద్దిగా కలుపుతుంది. బోరులో ఫ్లోరైడ్ ఉంటే ఆ దారిలో అది మీ గ్లాసులోకి కూడా వస్తుంది. అలాంటి చోట అడ్జస్టర్‌ను పూర్తిగా మూయించండి.

బిగించేటప్పుడు టెక్నీషియన్‌తో మెంబ్రేన్ నుంచి వచ్చే పావు అంగుళం ట్యూబుకు ఇంగ్లిష్ 'T' ఆకారంలో ఉండే ఒక టీ కనెక్టర్, చిన్న బాల్ వాల్వ్ పెట్టించి చేపల నీళ్లకు వేరే ట్యూబు తీయించండి. దీనివల్ల వారంటీ పోతుందేమో ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. ఇక్కడ చాలామంది ఇల్లు తడుపుకుంటారు. మిషన్ ట్యాంకు నిండితే ఫ్లోట్ స్విచ్ పంపును ఆపేస్తుంది. కానీ వాల్వ్ తెరిచి ఉంచితే నీళ్లు సులువైన దారిన మీ డ్రమ్ములోకే పోతాయి, ట్యాంకు నిండదు, పంపు ఆగదు, డ్రమ్ము పొంగిపోతుంది. డ్రమ్ముకు చిన్న ఫ్లోట్ వాల్వ్ బిగిస్తే ఆ బాధ ఉండదు. డ్రమ్ము నిండగానే అది మూసుకుంటుంది, నీళ్లు మళ్లీ ట్యాంకు వైపు మళ్లుతాయి, అది నిండాక పంపు దానంతటదే ఆగుతుంది.

ట్యూబులను కత్తెరతో కాకుండా పదునైన బ్లేడుతో వంకర లేకుండా అడ్డంగా కోయించండి. అంచు వంకరగా ఉంటే పుష్ కనెక్టర్‌లో చుక్కచుక్కగా కారుతుంది. లోపలికి నెట్టాక ఒకసారి వెనక్కి లాగి చూడాలి. కరెంటు సాకెట్ మిషన్ కింద కాకుండా పక్కన ఉండాలి. బిగించిన రాత్రి జాయింట్ల కింద పొడి టిష్యూ కాగితాలు పరచి పడుకుంటే, తెల్లవారేసరికి తడి ఎక్కడుందో తెలుస్తుంది. కొత్త మెంబ్రేన్ నుంచి వచ్చే మొదటి రెండు ట్యాంకుల నీళ్లు పారబోయండి. తాగడానికీ వద్దు, చేపలకూ వద్దు.

ఇప్పుడు అక్వేరియం. ఉత్త ఆర్‌వో నీళ్లు అందులో పోయకండి. ఆ నీళ్లలో ఆమ్లాన్ని తట్టుకునే కార్బొనేట్లు ఉండవు కాబట్టి పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. రొయ్యలకు పెంకు కట్టడానికి కాల్షియం దొరకదు. కలుపుకోవడమే మార్గం. మీ నల్లా నీళ్ల టీడీఎస్ 700, ఆర్‌వో నీళ్లది 40 అనుకుందాం. ఒక పాలు నల్లా నీళ్లకు మూడు పాళ్లు ఆర్‌వో నీళ్లు కలిపితే 205 వస్తుంది, మీ జీవాలకు అది హాయిగా ఉంటుంది. వారానికి పాతిక లీటర్లు మారిస్తే సుమారు 19 లీటర్ల ఆర్‌వో నీళ్లు కావాలి. రోజుకు 75 గ్యాలన్ల మెంబ్రేన్ గంటకు దాదాపు 12 లీటర్లు ఇస్తుంది కాబట్టి గంటన్నర పని. లీటరుకు మూడు లీటర్లు వృథా అయ్యే మిషన్ అయితే 57 లీటర్లు బయటికి పోతాయి. వాటిని బకెట్లలో పట్టి బాత్రూమ్‌కు, నేల తుడవడానికి వాడండి. లవణాలు చిక్కబడిన నీళ్లు కాబట్టి కుండీల్లోని మొక్కలకు రోజూ పోయకండి. కలిపే నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేపల మొప్పలను కాల్చేస్తుంది. ముందుగా క్లోరిన్‌ను తీసేసే డీక్లోరినేటర్ చుక్కలు వేయాలి.

ఒక హెచ్చరిక. మీ అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంటే ఈ లెక్క పనికిరాదు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసేసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది. టీడీఎస్ అంకె దాదాపు అలాగే ఉంటుంది కానీ రొయ్యలకు కావలసినది అందులో ఉండదు. అప్పుడు ఆర్‌వో నీళ్లకు అక్వేరియం దుకాణాల్లో దొరికే ఖనిజ లవణాలు కలపడమే దారి.

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. హైదరాబాద్‌లో చేసినట్టే నల్లా నీళ్లు ఒకరోజు బకెట్‌లో ఉంచి గోల్డ్‌ఫిష్ తొట్టిలో పోస్తే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సింకు కింద ఆర్‌వో పెట్టించమంటారా?

జవాబు: గోల్డ్‌ఫిష్‌కు ఆర్‌వో అక్కరలేదు, వాటికి ఖనిజాలున్న గట్టి నీళ్లే ఇష్టం. మీ చేపలకు ఇబ్బంది క్లోరమైన్ వల్ల అయి ఉండవచ్చు. మీ ఊరికి నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏడాదిలో ఎక్కువ కాలం క్లోరిన్‌కు అమోనియా కలిపి, అంటే క్లోరమైన్ రూపంలో వాడుతుంది. మామూలు క్లోరిన్ బకెట్‌లో ఒకరోజు ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది, క్లోరమైన్ అలా పోదు. మామూలు డీక్లోరినేటర్ దాన్ని విడగొట్టినా అమోనియా నీళ్లలోనే మిగిలిపోతుంది. అమోనియాను కూడా బంధిస్తుందని సీసా మీద రాసి ఉన్న కండిషనర్‌నే కొనండి. ఏటా మార్చిలో ఆ సంస్థ కొన్ని వారాలు అమోనియా ఆపి ఉత్త క్లోరిన్ వాడుతుంది. అప్పుడు వాసన ఘాటుగా ఉంటుంది, కండిషనర్ మాత్రం మానకూడదు. అక్వేరియం ఫిల్టర్ స్పాంజిని కూడా నల్లా కింద కడగవద్దు. అందులో ఉండే మేలు చేసే బ్యాక్టీరియా చచ్చిపోతే తొట్టిలో అమోనియా మళ్లీ పెరుగుతుంది. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి. మీరు తాగడానికి ఆర్‌వో పెట్టించుకుంటే కార్బన్ ఫిల్టర్ క్లోరమైన్‌కు పనికొచ్చే క్యాటలిటిక్ రకమా అని అడగండి. క్లోరిన్ గానీ క్లోరమైన్ గానీ కార్బన్‌ను దాటి వెళితే మెంబ్రేన్ త్వరగా పాడవుతుంది.

ప్రశ్న: మా ప్యూరిఫైయర్ వైఫైకి కలుస్తుంది. ఫిల్టర్ మార్చమని యాప్ హెచ్చరిస్తోంది. నిజంగానే మార్చాలా?

జవాబు: చాలా మోడళ్లలో ఆ హెచ్చరిక రోజులనో, పోసిన లీటర్లనో లెక్కపెట్టి ఇచ్చేదే. ఫిల్టర్ లోపలి స్థితిని అది చూడలేదు. మట్టిని ఆపే సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్ల వరకు ఆ మాట వినండి, వాటి ధర తక్కువ, అవి ఖరీదైన మెంబ్రేన్‌ను కాపాడతాయి. మెంబ్రేన్‌ను మాత్రం మీరే పరీక్షించండి. టీడీఎస్ అడ్జస్టర్ ఉంటే దాన్ని మూసి, రాత్రంతా ఆగిన మిషన్‌లో ముందు వచ్చే లీటరు వదిలేయండి. ఆగి ఉన్నప్పుడు లవణాలు మెల్లగా అటువైపు చేరతాయి కాబట్టి ఆ మొదటి నీళ్ల అంకె ఎక్కువగా వస్తుంది. తర్వాత లోపలికి వెళ్లే నీళ్లు, బయటికి వచ్చే నీళ్లు రెండింటి టీడీఎస్ కొలవండి. 700 లోపలికి వెళ్లి 40 బయటికి వస్తే 94 శాతం లవణాలు ఆగినట్టు, మెంబ్రేన్ బాగున్నట్టే. అది 85 శాతం కన్నా కిందికి దిగితే యాప్ ఏమీ చెప్పకపోయినా మార్పించండి.