కీబోర్డు కళాకారుడికి ఇయర్ మానిటర్: వడ్డీకి తెచ్చి వైర్‌లెస్ కొనాలా?

ప్రశ్న: మాది కావలి. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తూ కోరస్ పాడుతుంటాను. నెలకు సగటున 22,000 రూపాయలు వస్తాయి. ఆషాఢం, పుష్యమాసాల్లో దాదాపు ఏమీ ఉండదు. ఇంటి ఖర్చు 16,000, బ్యాంకులో ఉన్నది 26,000. స్టేజి మీద నా వాయిద్యం నాకే వినపడడం లేదు. తెలిసినవారు వాడిన వైర్‌లెస్ ఇయర్ మానిటర్ సెట్టు (స్టేజి మీది శబ్దాన్ని తీగ లేకుండా నేరుగా చెవిలో వినిపించేది) 48,000కు ఇస్తామంటున్నారు. తీగతో వాడే రకమైతే ఇయర్‌ఫోన్లు 3,500, ఆంప్లిఫయర్ 4,800, కేబుల్ 700 అవుతాయట. చేతిలో నుంచి 20,000 ఇచ్చి, మిగతాది మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఇయర్ మానిటర్ మీకు నిజంగా అవసరమే, కానీ ఈ సెట్టు, ఈ అప్పు అవసరం లేదు. 28,000 మీద నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 840, ఏడాదికి 10,080 రూపాయలు. ప్రోగ్రాం లేని ఆషాఢంలోనూ ఆ 840 కట్టవలసిందే. పైగా చేతిలో మిగిలే 6,000తో పదిహేను రోజులు కూడా ఇల్లు గడవదు.

వైర్‌లెస్‌కు మీరు చెల్లించే అదనపు ధరలో ఎక్కువ భాగం స్టేజి అంతా తిరగగలిగే స్వేచ్ఛకు పోతుంది. ముందుకు వచ్చి జనంలోకి దిగి పాడే గాయకులకు అది కావాలి. మీరు కచేరీ జరిగే నాలుగు గంటలూ కీబోర్డు స్టాండు వెనకే ఉంటారు కాబట్టి, మిక్సర్ ఆక్స్ అవుట్‌పుట్ (ఒక్కొక్కరికి కావలసిన శబ్దాలనే విడిగా పంపే దారి) నుంచి ఒక తీగ, దాని చివర నడుముకు తగిలించుకునే బెరింగర్ పి2 వంటి చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్, అందులో పెట్టిన ఇయర్‌ఫోన్లు మీకు చాలు. అలాగని ఫోనుకు వాడే బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో సరిపెట్టుకోకండి. మీట నొక్కిన తర్వాత ఆలస్యంగా వినిపించే స్వరంతో తాళం నిలవదు.

మీరు ధరలు కూడా రాశారు కాబట్టి లెక్క సులువైంది: ఇయర్‌ఫోన్లు 3,500, ఆంప్లిఫయర్ 4,800, కేబుల్ 700, మొత్తం 9,000. ఇంకా 17,000 బ్యాంకులోనే ఉంటుంది, అంటే ఒక నెల ఇంటి ఖర్చు చెక్కుచెదరదు. షూర్ ఎస్‌ఈ215 ఇయర్‌ఫోన్ మంచిదే, బయటి శబ్దాన్ని 37 డెసిబెళ్ల వరకు ఆపుతుందని తయారీదారు చెబుతారు. కానీ ఇప్పుడు దాని కోసం పొదుపును ఇంకా తగ్గించకండి. కేజెడ్ వంటి చవక రకాల్లోనూ కేబుల్ ఊడదీసి మార్చుకునేవి దొరుకుతాయి. ముందుగా పాడయ్యేది సాధారణంగా తీగే కనుక, అది విడిగా మారేదైతే మొత్తం ఇయర్‌ఫోన్ కొత్తది కొనే పని ఉండదు.

లోపల డ్రైవర్లు (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లు) ఎన్ని ఉన్నాయన్న ప్రకటన కంటే, చెవిలో ఎంత బిగుతుగా కూర్చుంటుందన్నది ముఖ్యం. నురుగు టిప్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పై అంచును పైకి, వెనక్కి లాగి లోపల పెట్టి, అది ఉబ్బి నిండేవరకు అర నిమిషం వేలితో పట్టుకోండి. అప్పుడు మీరు చిన్నగా పాడితే మీ గొంతు తల లోపల మోగాలి. అలా మోగకపోతే ఎక్కడో సందు ఉన్నట్టు. ఆ సందులో బేస్ పోతుంది, బేస్ కోసం మీరు వాల్యూమ్ పెంచుతారు, అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకే వినమంటుంది. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది. నాలుగు గంటల కచేరీకి హద్దు 88, వంద డెసిబెళ్లకు పదిహేను నిమిషాలే. ఒంగోలు నుంచి నా దగ్గరకు సలహాకు వచ్చే ఒక ప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్) కళాకారుడికి చెవిలో కీచుమనే మోత ఆగక, రాత్రి ప్రోగ్రాములు ఒప్పుకోవడం మానేశారు. ఆయన రాబడి ఎలా తగ్గిందో పద్దుల్లో నెలనెలా చూస్తున్నాను కనుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. జనం చప్పట్లు వినాలని ఒక చెవిది తీసి వాయించే అలవాటు కూడా వద్దు, రెండో చెవికి శబ్దం పెంచుకోవలసి వస్తుంది.

సౌండు వారితో ముందే మాట్లాడి మీకంటూ ఒక ఆక్స్ కేటాయించమని, అందులో కీబోర్డు, మీ గొంతు, తాళం కోసం కొంచెం ప్యాడ్ మాత్రమే ఇవ్వమని అడగండి. వీలైతే శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టించండి. జాకులు పెట్టి తీసేటప్పుడు ఆంప్లిఫయర్ వాల్యూమ్ సున్నాలో ఉండాలి, ఎందుకంటే ఫట్‌మనే ఆ శబ్దం నేరుగా కర్ణభేరికి తగులుతుంది.

వైర్‌లెస్ ఆలోచనను పూర్తిగా వదులుకోమనను. ప్రోగ్రాంకు 200 చొప్పున విడిగా వేసుకుంటే, పన్నెండు ప్రోగ్రాములున్న నెలలో 2,400 చేరుతుంది. ఆ డబ్బు మొదట మీ పొదుపులో తగ్గిన 9,000ను పూడ్చాలి. ఆ తర్వాత ఆర్కెస్ట్రా యజమానితో కూర్చుని, ట్రాన్స్‌మిటర్ బృందం తరఫున, ఇయర్‌ఫోన్లు ఎవరివి వారు కొనుక్కునేలా మాట్లాడండి. వినాయక చవితి సీజన్ మొదలయ్యేలోగా తీగ సెట్టుతో కనీసం రెండు రిహార్సళ్లు చేయండి. టిప్పుల సైజు అక్కడే తేలుతుంది.